పరుపు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.
పరుపు కొన్నవాడు పైతొడుగును చింపి
పక్క వేసి చూచి పంపవచ్చు
కారణంబు నడుగగా రాదు విక్రేత
పదియు నాల్గు నాళ్ళ పరిధిలోన

అవతారిక: యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ అమ్మకాలకు మూలగ్రంథం 2011/83 డైరెక్టివ్. 2014 జూన్ 13 నుంచి పారాయణలో ఉంది. వచనం కావడం చేత నోటికి పట్టదని, అందులో ఒక ఘట్టాన్ని ఆటవెలదిలోకి దించడమైనది.

ప్రతిపదార్థం: పరుపు కొన్నవాడు = వెబ్‌సైటులో బొమ్మ చూసి సొంత వాడకానికి డబ్బు కట్టినవాడు (వ్యాపారం కోసం కొన్నవాడికి ఈ పద్యం వర్తించదు); పైతొడుగును చింపి = రక్షణగా చుట్టిన ప్లాస్టిక్ పొరను ఊడదీసి; పక్క వేసి చూచి = దుకాణంలో అయితే ఎంత చూసేవాడో అంతే చూసి; పంపవచ్చు = తిప్పి పంపే హక్కు గలవాడు; విక్రేత = అమ్మినవాడు, పాపం; కారణంబు = ‘ఎందుకు వద్దు’ అన్నదానికి జవాబు; అడుగగా రాదు = నిలదీయరాదు; పదియు నాల్గు నాళ్ళ పరిధిలోన = సరుకు చేతికందిన 14 రోజుల్లోగా.

తాత్పర్యం: నచ్చలేదంటే నచ్చలేదు.

విశేషాలు: 14 ఇక్కడ ఒకటి కాదు, మూడు. వద్దని చెప్పడానికి మొదటి 14. చెప్పాక సరుకు పంపడానికి రెండో 14. అమ్మినవాడు మామూలు డెలివరీ ఖర్చుతో సహా డబ్బు తిరిగివ్వడానికి మూడో 14. సరుకు గానీ, పంపిన రుజువు గానీ అందేదాకా అతడు ఆపుకోవచ్చు. పాదంలో చోటు చాలక కవి ఒక్కదానితో సరిపెట్టాడు. ఇలాంటి హక్కు ఉందన్న సంగతే కొనేవాడికి చెప్పని వ్యాపారికి గడువు మరో 12 నెలలు సాగుతుంది. నోరు మూసుకుంటే ఇంత నష్టమొచ్చే శాస్త్రం అరుదు.

శంక: పరిశుభ్రత దృష్ట్యా సీలు తీశాక వెనక్కి తీసుకోనక్కరలేని వస్తువులున్నాయని అదే గ్రంథం 16వ అధికరణం చెబుతోంది. ఒంటికి తగిలే పరుపు ఆ కోవలోకి రాదా?

సమాధానం: ఈ శంక జర్మనీలో ఒక ఆన్‌లైన్ వ్యాపారికి నిజంగానే కలిగింది. వెయ్యి యూరోలు దాటిన పరుపు. కొన్నాయన పొర తీసేసి, తరవాత వద్దన్నాడు. మైన్జ్ కోర్టులో మొదలైన ఆ వ్యాజ్యం లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం దాకా పాకి, 2019 మార్చి 27న తేలింది. ధర్మాసనం అక్కడ ఉపమాలంకారం ప్రయోగించింది: పరుపు బట్టల వంటిది. తొడిగి చూసి వద్దన్న బట్టను శుభ్రం చేసి మళ్లీ అమ్మడం లేదా? హోటల్లో ఒకే పరుపు మీద ఒకరి తరవాత ఒకరు పడుకోవడం లేదా? కనుక శుభ్రం చేసుకుని అమ్ముకో, డబ్బు ఇచ్చెయ్. ఒక్క ఉపమతో వెయ్యి యూరోలు రాబట్టిన ప్రయోగం మన ఆలంకారికుల ఊహకైనా వచ్చి ఉండదు.

మినహాయింపు: కొన్నవాడి కొలతలకు చేసి ఇచ్చిన వస్తువుకు ఈ హక్కు లేదు. జర్మన్ భాషలో వెబ్‌సైటు పెట్టి, యూరోల్లో ధర వేసి మంగళగిరి చీరలు అమ్మేవాళ్లకు పనికొచ్చే సూక్ష్మమిది. చీర వెనక్కి రావచ్చు; కొలతలు పంపి కుట్టించుకున్న జాకెట్టుకు ఆ హక్కు లేదు. ‘మేముండేది మంగళగిరిలో కదా’ అనే వాదం నిలవదు. అంగడి ఏ దేశం వాళ్ల కోసం తెరిచారో ఆ దేశపు వినియోగదారు రక్షణ వెంట వస్తుంది.

అనుబంధం: 2026 జూన్ 19 నుంచి వెబ్‌సైటులోనే ‘వద్దు’ అనే బటన్ ఒకటి ఉండాలని 2023/2673 డైరెక్టివ్ చెబుతోంది. గడువున్నన్నాళ్లూ అది కంటికి ఆనాలి. నొక్కాక ఖాయం చేయడానికి ఇంకో బటన్ ఉండాలి. ఆటవెలదికి ఐదో పాదం లేదు కనుక దీన్ని వచనంగానే వదిలేయడమైనది.