కరివేపాకు కంచం పక్కన, క్యాప్సూల్ కడుపులో

పప్పుచారులో తేలిన కరివేపాకును వేలితో ఏరి కంచం అంచున పెడతాం. పులిహోరలోదీ అంతే. భోజనమయ్యాక ఆ ఆకులు ఎంగిలి మెతుకులతో కలిసి చెత్తబుట్టలో పడతాయి. చెయ్యి కడుక్కుని వచ్చి, అల్మరాలోంచి సీసా తీసి, గ్లాసుడు నీళ్ళతో ఒక క్యాప్సూల్ మింగుతాం. ఆ క్యాప్సూల్‌లో ఉన్నదేమిటయ్యా అంటే, కరివేపాకు సారం!

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. అదే చెట్టును సీసాలో పోసి, ధర చివర రెండు సున్నాలు తగిలిస్తే మాత్రం దివ్యంగా పనికొస్తుంది. మునగాకుదీ ఇదే భాగ్యం. వీధి చివర చెట్టున్నన్నాళ్ళూ దానికి గొంగళిపురుగుల చెట్టని పేరు. పొడయ్యి పౌచ్‌లో కొరియర్‌లో వస్తే సూపర్‌ఫుడ్.

మొక్కల్లో మేలుచేసే పదార్థాలున్నాయనడంలో పేచీ లేదు. టమాటాలో లైకోపీన్, ఉల్లిపాయలో క్వెర్సెటిన్, పసుపులో కర్క్యుమిన్ ఉన్నమాట నిజమే. కూరలూ ఆకులూ పప్పులూ పండ్లూ బాగా తినేవాళ్ళలో గుండెజబ్బు, మధుమేహం తక్కువన్నదీ దేశదేశాల లెక్కల్లో తేలిందే. నా పేచీ ఆ తర్వాతి బేరంతో. కూర తెచ్చుకున్న మంచిపేరును అందులోని ఒక్క పదార్థం పేర రాయించుకుని, దాన్ని సీసాకెక్కించి మనకే అమ్మడంతో.

పసుపు సంగతే చూడండి. ప్రకటనలో ముందుగా ఓ బామ్మ ప్రత్యక్షమవుతుంది. జరీచీర, రూపాయి కాసంత బొట్టు, ఎదురుగా రోలు. మన పూర్వీకుల రహస్యం ఇదేనంటుంది. సరే, బామ్మ లెక్కే వేద్దాం. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. నలుగురు తినే కూరలో అరచెంచా, అంటే గ్రామున్నర వేస్తే మనిషి వాటాకొచ్చేది 11 మిల్లీగ్రాములు. సీసాలోని ఒక్కో క్యాప్సూల్‌లో 500. ఆ మోతాదు అందుకోవాలంటే బామ్మ ఒక్కర్తే 16 గ్రాములకు పైగా పసుపు మింగాలి. అంత పసుపు పోసిన కూరను రోజూ తిన్న బామ్మ ఎవరైనా ఉంటే ప్రకటనలో ఆవిణ్ణే చూపించాలి. ఆవిడ తిన్నదొకటి, ఆవిడ పేరు చెప్పి అమ్మేది ఇంకొకటి.

పోనీ మింగింది ఒంటికి పడుతుందా? కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి చేరడమే గగనం. చేరిన కాస్తనూ కాలేయం మార్చేసి బయటికి సాగనంపుతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు కొద్దిమంది ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో దాని జాడ దాదాపు లేదు. తోడుగా 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాలకు ఘాటునిచ్చే పదార్థం, ఇచ్చేసరికి 2000 శాతం పెరిగింది. అప్పట్నించీ ఆ 2000 సీసాల మీద బంగారు రంగులో వెలుగుతోంది. దేనికి 2000 శాతం అని మాత్రం ఎవరూ అడగరు. దాదాపు సున్నాకి! పైగా కాలేయం చేసే పనికి అడ్డుపడటమే పైపరిన్ గొప్ప. ఆ అడ్డు వల్ల మనం రోజూ వేసుకునే వేరే మందులు కూడా రక్తంలో మోతాదు మించొచ్చు. పసుపు సప్లిమెంట్ల వల్ల అరుదుగా కాలేయం దెబ్బతింటోందని 2023లో ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అంతకుముందు 2017లో, కర్క్యుమిన్ మీద 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా పకడ్బందీగా చేసినవాటిలో ఒక్కటీ నెగ్గలేదని అమెరికా రసాయన శాస్త్రవేత్తలు రాశారు. బామ్మ ఇవేవీ చెప్పదు. పాపం, ఆవిడకు రాసిచ్చినవి రెండే డైలాగులు.

కూరలోంచి ఒక్క పదార్థాన్ని విడదీసి మింగితే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి బోలెడు ఖర్చుపెట్టి మరీ తెలుసుకుంది. పండ్లూ కూరగాయలూ ఎక్కువ తినేవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని, వాళ్ళ రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువని 1980ల నాటికే లెక్కలున్నాయి. క్యారెట్‌కు ఆ రంగునిచ్చేది అదే. ఇంకేం, కిటుకు దొరికిందనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళను 29,133 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఏళ్ళ తరబడి ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో పొగతాగేవాళ్ళూ ఆస్బెస్టాస్ పనివాళ్ళూ కలిపి 18,314 మందితో చేసిన పరీక్షలో దీనికి విటమిన్ ఎ కూడా జోడించారు. అక్కడ క్యాన్సర్ 28 శాతం పెరిగేసరికి 1996 జనవరిలో గడువుకు ముందే మాత్రలు ఆపించారు. క్యారెట్ కొరుక్కు తిన్నవాళ్ళకు ఏ ముప్పూ రాలేదు. ఆ శాస్త్రవేత్తలు నమ్మినదాన్ని పరీక్షకు పెట్టి, ఫలితం చేదైనా అచ్చేశారు. మన సీసాల వ్యాపారులు పరీక్షల జోలికే పోరు కాబట్టి వాళ్ళకా చేదు ఎప్పటికీ తగలదు.

కొనేవాళ్ళమూ తక్కువ తినలేదు. బియ్యాన్ని మల్లెపూల్లా పాలిష్ పట్టించి తవుడు గేదెకు పెడతాం. ఆనక మలబద్ధకమని పీచు డబ్బా కొంటాం. గేదె మాత్రం నిక్షేపంగా ఉంటుంది. రైతుబజార్లో తోటకూర కట్టలు అమ్ముకునే అవ్వతో పది రూపాయలకు నాలుగు కాదు, ఐదివ్వాలని పేచీ పెట్టుకుంటాం. పొన్నగంటి కూర ఆమె పేరు చెప్పేదాకా గుర్తుపట్టం. అదే ఫోన్లో సీసా ధర వెయ్యి దాటినా బొటనవేలు వణకదు.

ఇంకో రకం ఉన్నారు. పొద్దున వాకింగ్‌లో కలిసి, “షుగరు మాత్రలన్నీ కెమికల్సండీ, నేను మానేశా. ఇది నేచురల్” అని ఆకుపచ్చ డబ్బా చూపిస్తారు. వాళ్ళు మానేసిన మెట్‌ఫార్మిన్‌కు మూలం గలీగా అనే మొక్కలోని పదార్థమే. కాకపోతే దాని మంచీచెడూ తేల్చి, ఎంత వేసుకోవాలో చెప్పి మరీ ఇస్తున్నారు. అంత శుభ్రంగా లెక్క తేలితే ఇక అది నేచురల్ కాకుండా పోతుంది కాబోలు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలిచ్చింది. రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినమంది. ఆ పళ్ళెంలో తృణధాన్యాలు, పప్పులు, పాలు, గింజలు ఉన్నాయి, క్యాప్సూల్ లేదు.

ఇంతా విన్నాక కూడా సీసా కొంటానంటే మీ ఇష్టం, డబ్బు మీది. ఒక్కసారి దాన్ని వెనక్కి తిప్పండి. ముందువైపు ఆకు బొమ్మ, గుండె బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, ఇది ఔషధంగా వాడేందుకు కాదన్న మాట మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం లేబుల్ మీద ఉండి తీరాలి. కళ్ళజోడు పెట్టుకుని అది చదివాకే డబ్బు కట్టండి. డాక్టరును అడగకుండా షుగరు మాత్ర మాత్రం మానకండి.