అండమాన్‌లో మా బావమరిది టైంటేబులు

విహారయాత్ర అంటే బట్టలు సర్దుకుని బయల్దేరడమే అనుకునే అమాయకులు ఇంకా కొందరు మిగిలారు. ఈ రోజుల్లో ముందు సర్దాల్సింది ఫొటోలు. ఏ బీచ్‌లో దిగాలి, ఏ చీరకి ఏ రంగు సముద్రం నప్పుతుంది, ఏ కొబ్బరిచెట్టుకి ఆనుకుని నవ్వాలి అన్నవి తేలాకే టికెట్లు. మేం అండమాన్ వెళదామనుకోగానే ఈ శాఖని మా బావమరిది లాక్కున్నాడు. వాడి దగ్గర కొత్త కెమెరా ఉంది, ఎక్సెల్ షీటూ ఉంది. రెండూ ఉన్నవాడితో వాదించకూడదు.

షీటు తెరిస్తే గంటకో పాయింటు. హావ్‌లాక్‌కి ఒక రోజు, స్వరాజ్ ద్వీప్‌కి ఇంకో రోజు. రాస్ ఐలాండ్‌కి ఒక పూట, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌కి మరో పూట. "ఒరేయ్, అవి వేరే దీవులు కావురా, 2018లో వాటికే పేర్లు మార్చారు" అన్నాను. వాడు కాసేపు షీటు వంక చూసి, "అయితే రోజున్నర మిగిలింది బావా! ఇంకో డజను పాయింట్లు పట్టిస్తాను" అన్నాడు. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయిందన్న సంగతి నేనిక చెప్పలేదు.

షీటులో రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం 5:45కి అని ఉంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా గొప్పదని మెచ్చుకున్న బీచ్ అది. పడమటి ముఖం కాబట్టి సాయంత్రమే వెళ్ళాలి, నిజమే. కానీ ఆ 5:45 హైదరాబాదు సూర్యుడిది. మన దేశం గడియారమంతా కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అండమాన్ దానికి తూర్పున మరో పది డిగ్రీల అవతల ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన నలభై నిమిషాల తేడా. డిసెంబరులో అక్కడ సూర్యుడు 5 గంటలకల్లా డ్యూటీ దిగిపోతాడు. మేం వెళ్ళేసరికి జనం ఇసక దులుపుకుంటూ ఎదురొస్తున్నారు. మా వాడు చీకటిని రకరకాల సెట్టింగుల్లో తీశాడు.

మర్నాడు ఉదయం వెలుతురు బ్రహ్మాండం. కానీ ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా ఉక్కలోకి తెచ్చేసరికి లెన్సు మీద ఆవిరి కమ్మింది. దాన్ని సంచీలోనే ఉంచి కాసేపు బయటి వేడికి అలవాటు పడనిస్తే ఈ బాధ ఉండదు. మా వాడు తువ్వాలుతో తుడిచాడు. తుడిచిన కొద్దీ కమ్మింది. ఈలోగా ఎండ ముదిరింది.

ఎండ ముదిరితే ఇంకో పేచీ. సముద్రం ఆ నీలం, ఆ పచ్చ చూపించేది సూర్యుడు నడినెత్తికొచ్చినప్పుడే. అదే ఎండలో మనుషుల కళ్ళకింద నల్లటి గుంటలు పడతాయి. సముద్రం అందంగా ఉంటే మా ఆవిడ బాగుండదు, మా ఆవిడ బాగుంటే సముద్రం వెలిసిపోతుంది. "సముద్రాన్నే తీసుకోరా, అదైతే డిలీట్ చెయ్యమని అడగదు" అని సలహా ఇచ్చాను. ఆ పూట నాకు భోజనం ఆలస్యమైంది.

షహీద్ ద్వీప్ అంటే పాత నీల్ ఐలాండ్. అక్కడ బీచ్‌లకి రామాయణం పేర్లు: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. లక్ష్మణ్‌పూర్ వైపు, అక్కడ స్థిరపడ్డ బెంగాలీలు హౌరా బ్రిడ్జి అని పిలుచుకునే సహజ రాతి వంతెన ఉంది. నీళ్ళు వెనక్కి తగ్గితేనే దాని కిందికి నడిచి వెళ్ళగలం. షీటులో టైము ఉంది గానీ పోటు, పాటు సంగతి లేదు. అవి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఎక్సెల్ గడుల్లో కూర్చోవు.

దేశం గడియారంలాగే మా అత్తగారిదీ కాకినాడే. ఆవిడ సంచీలోంచి పంచాంగం తీశారు. "ఎల్లుండి అమాసరా అబ్బాయ్. అమాసకీ పున్నానికీ పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. నీళ్ళు బాగా లాగేస్తాయి. ఎప్పుడు లాగుతాయో హోటలు కుర్రాణ్ణి అడుగు" అన్నారు. అడిగాం, వెళ్ళాం, వంతెన కింద నిలబడ్డాం. మా వాడి షీటు మొత్తమ్మీద టైముకి జరిగిన పాయింటు అదొక్కటే.

జరావా ఆదివాసుల అడవి గుండా పోయే బారాటాంగ్ దారిలో "జరావాలు, ఫొటో స్టాప్, 10 నిమిషాలు" అని రాసుకున్నాడు. మా డ్రైవరు తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాడు. షీటు చూసి నవ్వలేదు. "అక్కడ బళ్ళన్నీ కాన్వాయ్‌గా పోవాలి సార్, ఆపకూడదు. వాళ్ళ ఫొటో తీస్తే కేసే" అన్నాడు. మా అత్తగారు, "మన వీధిలో పోయేవాడు వంటింటి కిటికీలోంచి కెమెరా పెడితే ఊరుకుంటామా?" అన్నారు. ఆ గడి అప్పటికప్పుడే చెరిగిపోయింది. ఆ దారిలో కెమెరా సంచీ దాటలేదు.

ఇక ఇరవై రూపాయల పాయింటు. పాత ఎర్ర నోటు వెనక ఉన్న బొమ్మ 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన మౌంట్ హ్యారియట్ కొండ మీది నుంచి కనబడే నార్త్ బే లైట్‌హౌసు, కొబ్బరిచెట్లు. నోటుని దృశ్యం పక్కన పట్టుకుని ఫొటో తీసుకోవడం అక్కడి ఆచారం. మా జేబులన్నీ దులిపితే 2019లో వచ్చిన కొత్త నోట్లే రాలాయి. వాటి వెనక ఉన్నది ఎల్లోరా గుహలు. "కొంచెం దూరంగా పట్టుకో బావా, ఏ నోటో తెలీదు" అన్నాడు మా వాడు.

కాబట్టి వెళ్ళబోయేవారికి మనవి. పొద్దున్న తూర్పు ముఖం ఉన్న కాలాపత్థర్ లాంటి బీచ్ ఒకటి, సాయంత్రం పడమటి ముఖం ఉన్నది ఒకటి, రోజుకి అంతే. మధ్యాహ్నం చేపల పులుసు తిని పడుకోండి. సాయంత్రం 4 గంటలకే బీచ్‌లో ఉండండి. ఎర్ర ఇరవై నోటు దొరికితే దాచుకోండి. ఎక్సెల్ షీటు మాత్రం ఇంట్లో వదిలేసి, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన అత్తగారిని వెంటబెట్టుకెళ్ళండి.