పిసినారుల కోసం విక్టోరియన్ టీ పార్టీ చిట్కాలు

ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్లు కూడా ఘనంగా విందిచ్చామన్న పేరు కొట్టేయాలంటే, విక్టోరియా రాణి కాలపు టీ పార్టీని మించిన దారి లేదు. పెట్టేది తక్కువ, పద్ధతులు ఎక్కువ.

1. ముందు మీరు తినండి. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియాకు పగటి భోజనానికీ రాత్రి డిన్నర్‌కీ మధ్య నీరసం ముంచుకొచ్చేదనీ, ఆ వేళలో టీ, రొట్టె తెప్పించుకోవడంతో ఈ ఆచారం మొదలైందనీ చెబుతారు. నీరసం వచ్చింది ఇంటావిడకు. వచ్చినవాళ్ల ఆకలి మీకెందుకు?

2. హై టీ జోలికి పోకండి. అది పని నుంచి ఇల్లు చేరిన కార్మికుల భోజనం. మాంసం, చీజ్, రొట్టె పెట్టాలి, కడుపు నిండుతుంది. గొప్పిళ్లలో అంచులు తీసేసిన దోసకాయ శాండ్‌విచ్ చాలు. ఎంత పల్చగా కోస్తే అంత నాజూకు. తీసేసిన అంచులతో రేపు పుడ్డింగ్ చేసుకోవచ్చు.

3. టీ పెట్టెకు తాళం వేయండి. టీ ఖరీదుగా ఉన్న రోజుల్లో అదే రివాజు. టీ పోయాల్సింది కూడా ఇంటావిడే కాబట్టి కొలత మీ చేతిలోనే ఉంటుంది. 1839లో లండన్ వేలానికి తొలిసారి వచ్చిన అస్సాం ఆకు కొనండి. చైనా ఆకు కన్నా ఘాటు, ఎన్ని నీళ్లు పోసినా తట్టుకుంటుంది.

4. వాడిన ఆకు పారేయకండి. అప్పటి లండన్‌లో దాన్ని కొనేవాళ్లే ఉండేవారు. జిగురు పట్టించి, ఎండబెట్టి, గ్రాఫైట్‌తో నలుపెక్కించి మళ్లీ అమ్మేవారు. ఇంత చక్కటి పొదుపును 1850లలో ఆర్థర్ హిల్ హాసల్ అనే డాక్టరు మైక్రోస్కోపు పెట్టి రట్టు చేశాడు. చివరికి 1875లో కల్తీల మీద గట్టి చట్టమే వచ్చింది. అందుకే డాక్టర్లను పిలవకండి.

5. మీసాలవాళ్లనే పిలవండి. మీసానికి రాసిన మైనం వేడికి కరగకుండా, లోపల అడ్డుపట్టీ ఉన్న మీసాల కప్పులు అప్పట్లో వాడేవారు. చిన్న సందులోంచి చప్పరిస్తూ తాగాలి కాబట్టి, రెండో కప్పు అడిగేలోపు పుణ్యకాలం గడిచిపోతుంది.

6. టోపీలు తీయనివ్వకండి. పలకరింపుకు వచ్చిన ఆడవాళ్లు బానెట్ తీయకూడదు, మగవాళ్లు టోపీ, చేతికర్ర దగ్గరే ఉంచుకోవాలి. పావుగంటో, ఇరవై నిమిషాలో కూర్చుని లేవడం మర్యాద. గడియారం వాళ్లకు ఎదురుగా పెట్టండి.

7. మళ్లీ వస్తారు, జాగ్రత్త. విందు తిన్నవాళ్లు కొద్దిరోజుల్లో వచ్చి కృతజ్ఞత చెప్పుకోవడం కూడా ఆచారమే. అప్పుడు పనివాడి చేత "అమ్మగారు ఇంట్లో లేరు" అనిపించండి. మీరు కిటికీలో కనబడుతున్నా ఫర్వాలేదు, అప్పటి మర్యాదలో అది అబద్ధం కింద లెక్క కాదు. వాళ్లు విజిటింగ్ కార్డు పెట్టి వెళ్లిపోతారు. కార్డుకు టీ ఇవ్వక్కర్లేదు.