చెవి మిషనుకు పాటించకూడని చిట్కాలు

మా జేజికి చెవి మిషను వచ్చిన నెలకే ఇంటినిండా సలహాలు వచ్చి చేరినాయి. పక్కింటివాళ్ళు, చుట్టాలు, మందుల షాపులో పక్కన నిలబడిన ముక్కూముఖం తెలియని మనిషి, అందరూ ఏదో ఒకటి చెప్పినవాళ్ళే. అందరిదీ మంచి మనసే. ఆ మాటలు పట్టుకొని ఒక మిషను పూర్తిగా పోగొట్టుకున్నాం, రెండోది పోగొట్టుకోబోయి ఆగినాం. ఆ సలహాలు ఇక్కడ రాస్తున్నది ఇంకెవరూ పాటించకూడదని.

మొదటిది, అన్నిటికన్నా చేటు చేసేది: "కడపలో తేమ యాడుంది నాయినా?"

నేనూ అట్లే అనుకున్నాను. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42, 43 డిగ్రీలు కాస్తుంది. మిద్దె మీద ఆరేసిన పంచె చూస్తుండగానే ఎండిపోయే ఊరు ఇది. నీళ్ళ భయం నెల్లూరోళ్ళకు, బందరోళ్ళకు గానీ మనకెందుకు అనిపిస్తుంది. కానీ మిషను కూర్చునేది చెవి వెనక, చెమట పట్టే చోట. సముద్రం పక్కన ఊళ్ళలో చెమట కారుతూ కనబడుతుంది కాబట్టి తుడుచుకుంటారు. మన పొడిగాలికి అది పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. నీళ్ళు పోతాయి, ఉప్పు మిషను మీద ఉండిపోతుంది. మా జేజి మిషనులో సెల్లు పెట్టే అర తలుపు తీసి చూసిన రోజు లోపలి రేకుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒక్క వాన చుక్క పడని మే నెల అది. కడపలో చెవి మిషనును తినేది వాన కాదు, చెమట. మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి మెత్తని పొడిగుడ్డతో మిషనునూ చెవి వెనక చర్మాన్నీ తుడిస్తే చాలు. సగం రిపేర్లు అక్కడే ఆగిపోతాయి.

ఇంకో తేమ మనమే కొని తెచ్చుకుంటాం. మన ఇళ్ళలో కూలర్ బాగా పనిచేసేది గాలి పొడిగా ఉంటుంది కాబట్టే. గడ్డి మీద నీళ్ళు పారించి, ఆ తడిని గాలిలో కలిపి వదులుతుంది. ఎండకాలం రాత్రి "చల్లగా ఉంటుంది, కూలర్ ముందర బల్ల మీద పెట్టు" అని చెప్పేవాళ్ళున్నారు. తెల్లవార్లూ తడిగాలి కొట్టేది సరిగ్గా అక్కడే. స్నానాల గది కిటికీ కూడా అంతే.

సెల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సెల్లు మార్చే చెవి మిషన్లలో ఎక్కువగా వాడేది జింక్-ఎయిర్ సెల్లు. దాని వీపున సన్నని రంధ్రాలుంటాయి. స్టిక్కరు పీకితే గాలి లోపలికి పోయి పని మొదలవుతుంది. అందుకే స్టిక్కరు తీసినాక ఒక నిమిషం ఆగి మిషనులో వేయాలి. అవే రంధ్రాల గుండా లోపలి తడి బయటికీ పోతుంది. మన ఎండకాలపు గాలికి అది తొందరగా ఎండిపోతుంది. "నాలుగింటికీ ముందే స్టిక్కర్లు పీకి పెట్టుకో" అన్న మాట వింటే నాలుగు సెల్లులూ ఒక్కసారే అరగడం మొదలుపెడతాయి. "ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులొస్తాయి" అన్నది ఇంకో చెడ్డ సలహా. చల్లని సెల్లు బయటికి రాగానే మంచినీళ్ళ చెంబుకు పట్టినట్టు దానికి చెమ్మ పడుతుంది.

బియ్యం. ఈ తప్పు నా చేతులతో నేనే చేసినాను. జేజి మిషను తీయడం మరిచి తలకు పోసుకుంది. "బియ్యం డబ్బాలో వేసేయ్, రేపటికి పొడి అయితాది" అన్నారు. రెండు రోజులు ఉంచినాను. లోపలి తడి లోపలే ఉండిపోయింది. బియ్యప్పిండి దుమ్ము మైకు రంధ్రాల్లో దూరి ముద్దకట్టింది. ఆ మిషను మళ్ళీ పలకలేదు. ఎండలో పెట్టడం, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వేడిగాలి కొట్టడం కూడా ఈ జాతివే. తడిసిన వెంటనే మిషను ఆపి, సెల్లు తీసి, పైన తుడిచి, సెల్లు తలుపు తెరిచే ఉంచి, సిలికా జెల్ గింజలున్న మూత డబ్బాలో రాత్రంతా ఉంచాలి. సెల్లును మాత్రం ఆ డబ్బాలో పెట్టకూడదు, అదీ ఎండిపోతుంది. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగినా, నారింజవి ఆకుపచ్చగా మారినా వాటి పని అయిపోయినట్టే. చార్జింగు మిషను అయితే తడి మీద చార్జింగు పెట్టకుండా ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకుపోండి.

మిషను గొట్టంలో నీటి బొట్టు కనబడితే నోటితో ఊదమంటారు. ఊపిరిలోనూ తేమే ఉంటుంది. గొట్టాన్ని మిషను నుంచి విడదీసి రబ్బరు బుడ్డితో ఊదాలి.

"ఇది ఐపీ68, నీళ్ళలో ముంచినా ఏం కాదు" అని ఒక షాపులో చెప్పి అమ్మినారు. ఆ 6 దుమ్ము గురించి, 8 నీళ్ళ గురించి. కొత్త మిషనును మంచినీళ్ళలో పరీక్షించి ఇచ్చే అంకెలవి. చెమట ఉప్పు, సబ్బు నురగ, సీకాయ రసం, తలనూనె ఆ పరీక్షలో ఉండవు.

చివరిది అన్నిటికన్నా ప్రేమగా చెప్పే సలహా: "తీసి బీరువాలో పెట్టుకో జేజీ, తడిస్తే మళ్ళీ యాడ తెస్తాం?" ఆ భయం నాకు తెలుసు. చాలా ఇళ్ళలో మిషను కొన్నది కాదు, క్యాంపులో ఇచ్చింది. కేంద్రం 1981 నుంచి నడిపే అడిప్ పథకం కింద వచ్చినవి కొన్ని, పేద వృద్ధుల కోసం 2017 ఏప్రిల్ 1న మన పక్క నెల్లూరులోనే మొదలుపెట్టిన వయోశ్రీ కింద వచ్చినవి కొన్ని. పాడైతే మళ్ళీ చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. అయినా బీరువాలో భద్రంగా ఉన్న మిషనుతో మనిషికి ఏం ఒరుగుతుంది? మా జేజి అట్లా నాలుగు నెలలు మిషను లేకుండా కూర్చుంది. ఎవరు నవ్వినా తననే అనుకొని ముఖం తిప్పుకునేది. మనవరాలు బడి నుంచి వచ్చి ఏదో చెప్తుంటే ఊరికే తలూపేది. మిషను మాత్రం కొత్తదిలా మెరుస్తూ ఉంది.

వానాకాలం ఈ సలహా ప్రాణం మీదికే తెస్తుంది. మన దగ్గర అక్టోబరు, నవంబరు తుపాన్లకు కరువు నేల కూడా ఏరవుతుంది. అప్పటికి మన కడప జిల్లాలోనే ఉన్న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబరు 19న తెల్లవారుజామున తెగింది. ఊళ్ళు నిద్రలో ఉండగా నీళ్ళొచ్చినాయి. అట్లాంటి వేళ వీధిలో కేకలు వినబడాలి, తలుపు కొట్టిన చప్పుడు వినబడాలి. పెద్దవాళ్ళ మిషను డబ్బా మీ ఇంట్లో బీరువా తాళం వెనక ఉంటే, ఈ రాత్రే తీసి వాళ్ళ తలగడ పక్కన, చెయ్యి చాపితే అందేచోట పెట్టండి.