జేబు లేని సాధికారత

మార్చి 8, మహిళా దినోత్సవం దగ్గరపడితే చాలు, షాపింగ్ మాళ్లకి పూనకం వస్తుంది. గులాబీ బెలూన్లు, గులాబీ బ్యానర్లు. ‘ఆకాశం నీదే’ అంటూ నినాదాలు. అడుగున చీమ తలంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’. ఆకాశం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక జేబు ఇస్తారా బాబూ?

ఆధార్ చూపిస్తే ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకి టికెట్ డబ్బు అక్కర్లేదంది ప్రభుత్వం. సంతోషం. ఆ ఆధార్ పెట్టుకోడానికి కుర్తీకి జేబేదీ? లెగ్గింగ్‌కి నడుము దగ్గర రబ్బరు తప్ప ఇంకేముంది? జీన్స్ ఉందిగా అంటారా? దాని ముందు జేబులో చెయ్యి పెట్టి చూడండి. వేళ్లు సగం దిగి ఆగిపోతాయి. కొన్నింటికి అదీ లేదు, ఉత్త కుట్టే. జేబులా నటించే కుట్టు! 2018లో ‘ది పుడింగ్’ అనే అమెరికా వెబ్ పత్రిక 20 బ్రాండ్ల జీన్సులు టేపు పెట్టి కొలిచింది. ఆడవాళ్ల ముందు జేబుల లోతు మగవాళ్ల వాటికంటే సగటున 48 శాతం తక్కువని తేల్చింది. మన ఇళ్లలో ఏ అమ్మాయినడిగినా చెప్పేది. కానీ అమెరికావాడు టేపు పడితే తప్ప మనకి నమ్మకం కుదరదు కదా!

పోనీ, గుడ్డ తగ్గింది కాబట్టి ధరైనా తగ్గాలిగా? మీరు మరీ అమాయకులు. 2015లో న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ దాదాపు 800 వస్తువుల ధరలు పక్కపక్కన పెట్టి చూసింది. ఆడవాళ్ల సరుకు సగటున 7 శాతం ప్రియం. పెద్దవాళ్ల బట్టల్లో అయితే 8 శాతం. కాలిఫోర్నియా వాళ్లు 2023 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం, ఒకేలాంటి వస్తువుకి ఆడా మగా అని రెండు ధరలు పెట్టకూడదు. మరి మన ఏలికలు? 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు బొట్టుకీ గాజులకీ పన్ను మాఫీ చేశారు. శానిటరీ న్యాప్‌కిన్ మీద మాత్రం 12 శాతం బాదారు. అది తీసేయడానికి ఏడాది పట్టింది. అలాంటి పెద్దమనుషులు జేబు గురించి బుర్ర పాడుచేసుకుంటారా?

అందుకే అమ్మాయిలు మెన్స్ సెక్షన్‌లోకి నడిచారు. అక్కడ టీషర్టు మీద గుడ్డ ఎంత దిట్టమో చెబుతూ ‘180 జీఎస్ఎం’ అని గర్వంగా అచ్చేసి ఉంటుంది. లేడీస్ టాప్ మీద ఆ అంకె వెతకండి. ‘ట్రెండీ’ అని ఉంటుంది. అటు కుర్తాకి రెండు పక్క జేబులు. ఇటు కుర్తీ ఎండలోకి వెళ్తే ఎక్స్‌రే. లోపల స్లిప్పు వేసుకోవాలి, దాని బిల్లు వేరే. మొదటి ఉతుక్కి బకెట్ నిండా రంగు. కాస్త ఒళ్లు చేస్తే పక్క కుట్టు విప్పుకుందామంటే లోపల అరంగుళం గుడ్డ ఉండదు, ఓవర్‌లాక్ దారం ఒక్కటే గతి. ఇక చేతులు! “లోపల పిన్ పెట్టి ఇచ్చాం మేడమ్, కుట్టించుకోండి.” చేతులు విడిగా అమ్మే చొక్కా ఏ మగాడైనా కొన్నాడా?

కొనడమైనా ప్రశాంతమా? “మేడమ్, లేడీస్ సెకండ్ ఫ్లోర్!” నాకే బాబూ. “మీకా?!” అక్కడి ట్రయల్ రూమ్‌లోకి వెళ్లబోతే “ఇది జెంట్స్‌ది మేడమ్.” పైకి వెళ్తే “జెంట్స్ ఐటమ్ ఇక్కడ ఎలౌ లేదు మేడమ్.” మరి మెట్ల మీద వేసుకుని చూడాలా?

అలాగని మగ చొక్కా ఏమన్నా సరిగ్గా అమరుతుందా? భుజాలు జారతాయి, తుంటి దగ్గర పట్టేస్తుంది. అయినా కొంటున్నారు. సొంత కొలతలకి కుట్టిన దానికంటే అమరనిదే నయమనిపించారంటే బట్టల కంపెనీల మహానుభావులు ఎంత శ్రద్ధగా పనిచేస్తున్నారో చూడండి.

అడిగితే జవాబు సిద్ధం. జేబు పెడితే ఫిట్ పోతుందట. ఆడవాళ్ల ఫ్యాషన్ గడియకోసారి మారుతుంది కాబట్టి పీసులు తక్కువ, రేటు ఎక్కువట. కొంత నిజమే. మగ చొక్కా నమూనా ఏళ్ల తరబడి ఒకటే, గుట్టలుగా కత్తిరించవచ్చు. మరి ఆ ఫ్యాషన్‌ని గడియకోసారి మార్చేదెవరు, మా అమ్మమ్మా? బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మిషన్ల మీద ఉన్నది ఎక్కువమంది ఆడవాళ్లే. రోజంతా మగవాళ్ల ప్యాంట్లకి జేబులు కుట్టి, షిఫ్టు దిగి, ఫోను చేత్తో పట్టుకుని బస్సెక్కుతారు.

ఆడవాళ్లు మెన్స్ సెక్షన్‌కి మళ్లారని కంపెనీలకి తెలీదా? బ్రహ్మాండంగా తెలుసు. జేబులు పెట్టారా? గుడ్డ మందం పెంచారా? అబ్బే! అదే వదులు చొక్కాకి ‘బాయ్‌ఫ్రెండ్ షర్ట్’ అని పేరు పెట్టి, రేటు పెంచి, సెకండ్ ఫ్లోర్‌లో తగిలించారు. బాయ్‌ఫ్రెండ్ ఉన్నా లేకపోయినా బిల్లు మాత్రం మీరే కట్టాలి.