పురుగుమందుకి పంచదార పూత

కిడ్నీ జబ్బులు పీడిస్తున్న ఉద్దానంలో మాటలు అమ్ముకునేవాళ్లకి కొరత ఎప్పుడూ లేదు. నీళ్లు శుద్ధిచేసే మిషన్ల వాళ్లు వచ్చారు, కిడ్నీకి ఆకుపసరు పోసేవాళ్లు వచ్చారు, ఎన్నికలకోసారి ఓదార్చేవాళ్లు సరేసరి. ఇప్పుడు చక్కెరవాళ్ల వంతు. ‘మా జిగురుమందు చక్కెరతో చేసింది, మట్టిలో కలిసిపోతుంది, పూర్తిగా సురక్షితం’ అంటున్నారు. మూడు ముక్కల్లో మొదటి రెండూ నిజమే. ఆ రెండింటి భుజాలెక్కి మూడోది ఊరేగుతోంది.

జీడి ఆకు మీద మైనపు పొర ఉంటుంది. మందునీళ్లు దాని మీద బొట్లుబొట్లుగా నిలిచి జారిపోతాయి. అలా జారకుండా ఆకంతా పరుచుకోడానికి కలిపేదే జిగురుమందు. దుకాణంలో స్ప్రెడర్ అనీ, స్టిక్కర్ అనీ అంటారు. సబ్బూ షాంపూ చేసే పనీ ఇదే: అణువుకి ఒక కొస నీళ్లని పట్టుకుంటుంది, రెండో కొస జిడ్డుని పట్టుకుంటుంది. నీళ్ల కొసన గ్లూకోజు, జిడ్డు కొసన కొబ్బరినూనె నుంచో పామ్ గింజల నూనె నుంచో తీసిన కొవ్వు ఆల్కహాలు ఉంటే అది ఆల్కైల్ పాలీగ్లూకోసైడ్. ఈ జాతి పదార్థాల్ని తయారుచేసే దారి ఎమిల్ ఫిషర్ 1893లోనే చూపించాడు. జర్మనీ కంపెనీ హెంకెల్ 1990ల్లో పెద్దఎత్తున బజారుకి తెచ్చింది. ‘సల్ఫేట్ లేదు’ అని చెప్పుకునే షాంపూల వెనక కోకో గ్లూకోసైడ్, డెసైల్ గ్లూకోసైడ్ అని కనిపించేవి ఇవే. సరుకు మీద నాకేం కోపం లేదు. చర్మాన్ని పెద్దగా మండించదు. 28 రోజుల్లో కనీసం 60 శాతం సూక్ష్మజీవులకి ఆహారమైపోవాలన్న అంతర్జాతీయ పరీక్షని సునాయాసంగా గట్టెక్కుతుంది.

అయితే పరీక్ష రాసింది జిగురుమందు ఒక్కటే. పాసైంది మాత్రం స్ప్రే డబ్బా మొత్తమట! కాండం తొలిచే పురుగుకి కొట్టే క్లోర్‌పైరిఫాస్ పంచదార పక్కన కూర్చున్నంతమాత్రాన సాధువైపోదు. పైగా జిగురుమందు ఉద్యోగమే విషాన్ని బాగా అంటించడం, లోపలికి దించడం. జీడిపూత మీద టీ దోమ చేరిందని చెట్టు కింద నిలబడి, తల పైకెత్తి మందు కొట్టే మనిషి మీద కూడా అంతే శ్రద్ధగా పరుచుకుంటుంది. ఆకుకీ మెడకీ తేడా దానికెవరూ నేర్పలేదు.

చక్కెర ఉంటే చాలు, హాని ఉండదంటారా? అయితే ఇప్పపిండి సంగతి చూడండి. చేపపిల్లల్ని వదిలే ముందు చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి నూనె తీసేసిన ఇప్పచెక్క చల్లుతారు. అందులో చేపని చంపేది సాపోనిన్. అంటే చక్కెర అణువులు తగిలించుకుని పుట్టిన, నురగనిచ్చే పదార్థం. తలకి రుద్దుకునే కుంకుడుకాయలో ఉన్నదీ ఆ కుటుంబమే. ప్రకృతి చేసింది, చక్కెర ఉంది, రెండు మూడు వారాల్లో విరిగిపోతుంది కూడా. డబ్బా మీద రాయదగ్గ సుగుణాలన్నీ ఉన్నాయి. తేలిన చేపలకే ఆ విషయం చెప్పే తీరిక లేకపోయింది.

ఈ ప్రచారంలో ఎవరూ పట్టించుకోని ముక్క ఇంకొకటుంది. ‘ఇది కొత్త తరం జిగురుమందు, పాతవాటిలా హాని చెయ్యదు’ అని చెప్పగానే వజ్రపుకొత్తూరు రైతు ఎవరైనా అడగాల్సిన ప్రశ్న: ‘అయితే బావూ, ఇన్నాళ్లూ మాసేత కొట్టించిందేటి?’ ఇన్నాళ్లూ దాన్ని ఏ పనీ చెయ్యని సహాయక పదార్థం అన్నారు. గ్లైఫోసేట్ కలుపుమందులో ఆ ‘ఏ పనీ చెయ్యని’ పదార్థం పశువుల కొవ్వు నుంచి తీసిన ‘పోయా’ (POEA) అనే జిగురుమందు. నీటి జీవులకి అసలు మందుకన్నా అదే ఎక్కువ విషమని తేలింది. గ్లైఫోసేట్‌తో దాన్ని కలపొద్దని యూరోపియన్ యూనియన్ 2016లో నిషేధించింది. మనకి ఆ కబురు నిషేధంగా రాలేదు, ప్రకటనగా వచ్చింది.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఆరిపోవడమన్నారు, నొప్పిబిళ్లలన్నారు. హార్వర్డ్ నుంచి కూడా డాక్టర్లు వచ్చి చూశారు. వంశధార నీళ్లని ఏడు మండలాలకి తెచ్చే 700 కోట్ల పథకం వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇంతమంది ‘ఇదీ’ అని చెప్పడానికి వెనకాడుతున్న నేల మీద, రంగుల కరపత్రం ఒక్కటే తడుముకోకుండా ‘సురక్షితం’ అనేస్తోంది.

ఇక కొబ్బరి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పడగొట్టగా మిగిలిన చెట్లని సర్పిలాకార తెల్లదోమ పట్టింది. వేపనూనెలో సబ్బుపొడి కలిపి కొట్టమని శాస్త్రవేత్తలే చెప్పారు. రైతు అదీ చేస్తాడు, సబ్బుపొడి లేకపోతే షాంపూ పొట్లం చింపి డబ్బాలో పిండుతాడు. వ్యవసాయ సరుకు, సింగారపు సరుకు అన్న విభజన అతనికి లేదు. ఇప్పుడు కొబ్బరినూనె పేరు చెప్పుకునే గ్లూకోసైడ్‌ని ఆ కొబ్బరి చెట్టు మీదే కొట్టమని సీసాలో పోసి అమ్ముతారు. ఆ నూనె కవిటి కొబ్బరిది అనుకుని మురిసిపోకండి, ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేసియా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చేదే. షాంపూ కొన్నా సీసా తిప్పి చూడండి. ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది లెక్క. ముందువైపు బొమ్మలో చెంచాడు చక్కెరా, చీల్చిన కొబ్బరికాయా నిగనిగలాడుతుంటే, వెనకవైపు జాబితాలో గ్లూకోసైడ్ పరిమళం పొరుగున ఎక్కడో తోకలో కూర్చుని ఉండొచ్చు. ఇక లోపలున్నది 28 రోజుల్లో విరిగినా, చింపి పారేసిన పొట్లం మన మనవల కాలానికి కూడా గట్టు మీదే ఉంటుంది.

‘పర్యావరణ హితం’ లాంటి గాలిమాటలు రుజువు లేకుండా వాడొద్దని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం టెక్కలి మందుల దుకాణం గడప దాకా రావాలి. అది వచ్చేలోపు చిన్న కోరిక: డబ్బాలో కలిపిన జిగురుమందు పేరేమిటో, ఎంత శాతమో తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే అక్షరాల్లో వెయ్యండి. ఇలా అడిగినప్పుడల్లా ప్రపంచమంతటా కంపెనీలు చెప్పే జవాబొకటుంది: వ్యాపార రహస్యం. చక్కెర కలిపినప్పుడు మాత్రం ఆ రహస్యాన్ని గోడల మీద రాయిస్తారు.