ఏబీఎస్ లైటు వెలిగితే వినకూడని సలహాలు

"ఏటీ అవదు బాబూ, ఆ బల్బు తీసీ." ఏబీఎస్ లైటు ఆరడం లేదని చెబితే మన హైవే పక్క షెడ్లలో ముందు వినిపించే మాట ఇదే. దయచేసి వినకండి. తాళం తిప్పగానే ఆ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరలేదంటే చక్రాలు బిగుసుకుపోకుండా కాసే ఏర్పాటు పని మానేసిందని అర్థం. మామూలు బ్రేకు పడుతుంది, నిజమే. కానీ సాలూరు ఘాట్‌లో వాన పడ్డ మలుపు దగ్గర గట్టిగా తొక్కి చూడండి. చక్రం బిగుసుకుందా, స్టీరింగు ఎటు తిప్పినా బండి తిన్నగా లోయవైపే జారుతుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసింది ఇందుకే.

రెండో సలహా జేబుకి చిల్లు: "ఏబీఎస్ మాడ్యూల్ పోయింది, మార్చాల్సిందే." పోయిన వానాకాలం నాకూ ఇదే చెప్పారు. సరేననబోయాను. ఆ రాత్రి ఇంటి ముందు బండి ఆపి తాళం తీశాక కూడా వెనక బ్రేకు లైట్లు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. టార్చి పట్టుకుని పెడల్ కింద తల దూర్చాను. మ్యాటు మీద నల్లటి రబ్బరు పొడి. పెడల్ కాడ కంతలో ఉండే వేలిగోరంత బిళ్ల పెళుసెక్కి రాలిపోయింది. బ్రేకు లైటు స్విచ్ మొన ఆ కంతలోంచి ఇవతలికి పొడుచుకొచ్చింది. పాపం, నేను రాత్రీ పగలూ బ్రేకు తొక్కే ఉన్నాననుకుంటోంది బండి! కొత్త బిళ్ల వేశాక వెనక లైట్లూ ఆరాయి, ఏబీఎస్ లైటూ ఆరింది.

మూడోది నిజంలా వినిపిస్తుంది: "బ్రేకు లైటు వెలుగుతోంది కదా, స్విచ్ బాగున్నట్టే." చాలా కార్లలో ఆ స్విచ్‌లో రెండు జతల కాంటాక్టులుంటాయి. పెడల్ తొక్కితే ఒకటి కలుస్తుంది, రెండోది విడిపోతుంది. లైటుకి వెళ్లేది బాగుండి, కంప్యూటరుకి వెళ్లేది చెడిపోవచ్చు. ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటరు కంటిన్యుటీలో పెట్టి, ఒక్కో జత పిన్నులకీ ఆనించి, స్విచ్ మొన నొక్కుతూ వదులుతూ చూడండి. నొక్కినప్పుడు ఒక జత మోగితే, వదిలినప్పుడు రెండోది మోగాలి. రెండూ అలాగే మారితే స్విచ్‌ని వదిలేసి ఫ్యూజు చూడండి, తర్వాత చక్రాల దగ్గరి సెన్సార్లు.

స్కానరులో చక్రం సెన్సారు కోడు రాగానే ఆ సెన్సారు కొనెయ్యమంటారు. తొందరపడకండి. ఆ కోడు చెప్పేది సర్క్యూటు సంగతి. అందులో వైరూ ప్లగ్గూ కూడా ఉన్నాయి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో తిరిగే బండ్లకి ఉప్పుగాలి తగిలి పిన్నులకి పచ్చటి చిలుము పడుతుంది. ముందు దాన్ని శుభ్రం చేసి చూడాలి.

మాడ్యూల్ మార్చమన్న మెకానిక్‌ని, డబ్బులిచ్చే ముందు, మీ కళ్లెదుట ఒక్కసారి మీటరు పెట్టి చూపించమని అడగండి.